పిల్లల గుండె లయ తేడాలు

పుట్టుకతో గుండెలో రంధ్రం లేదు, కవాటాలు బాగున్నాయి, కండరం బలంగానే ఉంది. అయినా గుండె కొట్టుకునే వేగంలోనో వరసలోనో తేడా వస్తుంది. మిగతా అన్ని విధాలా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ కనిపించే ఈ తేడాలను వైద్యులు అరిథ్మియాలు అంటారు. వీటిలో ఎక్కువ భాగం పట్టించుకోనక్కర్లేనివి. కొన్నింటికి మందో, చిన్న చికిత్సో కావాలి. బహు కొద్ది రకాలు ప్రాణాంతకం. చిక్కేమిటంటే, ఈ మూడు కోవల పిల్లలూ పైకి ఒకేలా ఉంటారు. టూడీ ఎకో తీయిస్తే ముగ్గురి రిపోర్టులోనూ సాధారణంగా ‘నార్మల్’ అనే వస్తుంది. ఎకో చూపేది గుండె కట్టడాన్ని, దాని కదలికను. లయ తేడా ఉండేది గుండెలో పుట్టి పాకే విద్యుత్తులో. ఈ పిల్లల్ని వేరుచేసి చూపేవి ప్రధానంగా రెండు: బిడ్డ ఏం చేస్తుండగా అది వచ్చిందన్న వివరం, ఆ సమయంలో తీసిన ఈసీజీ.

విద్యుత్తు నడిచే దారి

గుండె కొట్టుకోవడానికి మెదడు ఆజ్ఞ అక్కర్లేదు. కుడి కర్ణిక పైభాగాన ఉండే సైనస్ నోడ్ అనే చిన్న కణజాలం తనంతట తానే విద్యుత్ ప్రేరణలను పుట్టిస్తుంది. ఆ ప్రేరణ కర్ణికలు రెండింటినీ ముడుచుకునేలా చేసి, కర్ణికలకూ జఠరికలకూ మధ్య ఉన్న ఏవీ నోడ్ దగ్గర సెకనులో సుమారు పదో వంతు సేపు నిలిచి, అక్కడి నుంచి హిస్ కట్ట మీదుగా జఠరికలకు చేరుతుంది. ఆ కాస్త ఆలస్యం వల్లే కర్ణికల్లోని రక్తం జఠరికల్లోకి దిగడానికి వ్యవధి దొరుకుతుంది. పై గదులకూ కింది గదులకూ నడుమ విద్యుత్తును పోనివ్వని పీచు పొర ఒకటి ఉంది. ఆరోగ్యకరమైన గుండెలో దానికి ఏవీ నోడ్ దగ్గర ఉన్న ద్వారం ఒక్కటే. ఈ సంగతి గుర్తుంచుకుంటే, పిల్లల్లో వచ్చే దడల్లో సగం ఎందుకు వస్తాయో అర్థమైనట్టే.

ఏవీ నోడ్‌ను 1906లో, జర్మనీలో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్త సునావో తవారా వర్ణించాడు. మరుసటి ఏడు ఇంగ్లండులో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ సైనస్ నోడ్‌ను గుర్తించారు. గుండె విద్యుత్తును చర్మం మీది నుంచే పట్టి గీతగా రాసే ఈసీజీ పరికరాన్ని నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెమ్ ఐంథోవెన్ అంతకు కొన్నేళ్ల ముందే తయారుచేశాడు. అందుకు 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తరవాత ఎన్ని ఖరీదైన పరికరాలు వచ్చినా, లయ తేడాను తేల్చడంలో కొన్ని వందల రూపాయలకు తీసే ఈసీజీ స్థానాన్ని ఏదీ ఆక్రమించలేదు.

వయసుకు తగిన వేగం

పెద్దవాళ్ల లెక్కతో పిల్లల నాడి చూస్తే ఇంటిల్లిపాదికీ కంగారే మిగులుతుంది. నవజాత శిశువు గుండె నిమిషానికి 100 నుంచి 160 సార్లు కొట్టుకోవడం మామూలే; గుక్కపెట్టి ఏడిస్తే 180 దాటవచ్చు. బడి ఈడు వచ్చేసరికి అది సుమారు 70–110కి, పదిహేనేళ్లకు పెద్దవాళ్ల స్థాయికి దిగుతుంది. జ్వరంలో ప్రతి సెంటీగ్రేడ్ డిగ్రీకీ వేగం సుమారు 10 పెరుగుతుంది. రక్తహీనత, నీరు తగ్గడం, భయం, ఆయాసానికి నెబ్యులైజర్‌లో పెట్టే సాల్బుటమాల్, అన్నీ గుండెను పరుగెత్తించేవే. ఇక్కడ వేగం జబ్బు కాదు, శరీరం అవసరానికి గుండె ఇచ్చిన జవాబు. జ్వరం తగ్గితే అదీ తగ్గుతుంది.

నెమ్మదితనమూ అంతే. రోజూ పరుగో, ఈతో సాధన చేసే కుర్రాడి గుండె గాఢ నిద్రలో నిమిషానికి 50 కంటే తక్కువ సార్లు కొట్టుకున్నా సాధారణంగా అది తప్పు కాదు. చేతికి స్మార్ట్‌వాచ్ కట్టి రాత్రంతా లెక్కలు చూసుకునే అలవాటు వచ్చాక, ఈ అంకెలు పట్టుకుని ఆస్పత్రికి వచ్చే తల్లిదండ్రులు ఎక్కువయ్యారు.

భయపడనక్కర్లేనివి

ఆరేళ్ల పిల్లను కూర్చోబెట్టి, మణికట్టు మీద వేలు ఉంచి, నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలమనండి. పీలుస్తున్నప్పుడు నాడి వడివడిగా, వదులుతున్నప్పుడు తాపీగా కొట్టుకోవడం తెలుస్తుంది. దీన్ని సైనస్ అరిథ్మియా అంటారు. ఈసీజీ యంత్రం ఈ పేరును రిపోర్టు పైన అచ్చువేసి ఇవ్వడంతో, అదేదో రోగమని ఇంటర్నెట్ వెతికేవాళ్లున్నారు. అది రోగం కాదు. గుండె మీద నరాల అదుపు చక్కగా ఉందనడానికి గుర్తు. బాల్యంలో, కౌమారంలో ఇది బాగా స్పష్టంగా కనిపిస్తుంది.

రెండోది, మధ్యలో పడే తొందర దెబ్బలు. రావలసిన సమయం కంటే ముందే ఒక స్పందన వచ్చి, తరవాత చిన్న విరామం వస్తుంది. పిల్లలు దీన్ని ‘గుండె ఒక్కసారి ఆగి గట్టిగా కొట్టింది’ అని చెబుతారు. కర్ణికల్లో పుట్టే తొందర దెబ్బలు నవజాత శిశువుల్లో తరచు కనిపించి, కొన్ని వారాల్లోనో నెలల్లోనో వాటంతట అవే పోతాయి. జఠరికల్లో పుట్టేవి పెద్ద పిల్లల్లో ఎక్కువ. వీటికి వైద్యులు వాడే కొండగుర్తు ఒకటుంది: పిల్లవాణ్ని పరుగెత్తించి చూసినప్పుడు అవి మాయమైతే దాదాపు నిరపాయం, పరుగుతో పాటు ఎక్కువైతే లోతుగా చూడాలి. రోజు మొత్తం స్పందనల్లో వీటి వాటా 10 శాతం మించితే, గుండె కండరం బలం తగ్గకుండా ఎకోతో అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలి.

పిల్లల్లో అసలు దడ: ఎస్.వి.టి.

వైద్యం అవసరమయ్యే లయ తేడాల్లో పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది సుప్రావెంట్రిక్యులర్ టాకికార్డియా, క్లుప్తంగా ఎస్.వి.టి. సుమారు 250 నుంచి 1000 మంది పిల్లల్లో ఒకరికి ఇది వస్తుందని అంచనా. పుట్టుకతోనే గుండెలో ఉండిపోయిన అదనపు విద్యుత్ దారి దీనికి ముఖ్య కారణం. పీచు పొరలో ఏవీ నోడ్ కాక మరో సన్నని కండర పోగు మిగిలిపోతే, ప్రేరణ ఒక దారిన దిగి, ఇంకో దారిన తిరిగి పైకెక్కి, గిరగిరా చుట్టడం మొదలుపెడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఏవీ నోడ్ లోపలే రెండు దారులు ఏర్పడి వచ్చే రకం ఎక్కువవుతుంది. రెండింటిలోనూ సైనస్ నోడ్ మాట చెల్లదు.

నెలల బిడ్డకు ఇది వస్తే వేగం నిమిషానికి 220 దాటుతుంది. 300 దాకా పోవచ్చు. బిడ్డ చెప్పలేదు. పాలు సగం తాగి వదిలేస్తుంది, నుదుటి మీద చెమట పడుతుంది, పాలిపోతుంది, ఊపిరి ఎగబోస్తుంది, ఊరికే చిరాకుపడుతుంది. దిష్టి తగిలిందనో, పాలు అరగలేదనో ఒక రోజు గడిచిపోతుంది. ఒకటి రెండు రోజులు అదే వేగం కొనసాగితే గుండె అలసి వైఫల్యంలోకి జారుతుంది. అందుకే పాలు మానేసిన పసిబిడ్డను పరీక్షించేటప్పుడు గుండె వేగం లెక్కపెట్టడం తప్పనిసరి. ఛాతీ మీద చెయ్యి వేసినప్పుడు లెక్కపెట్టలేనంత వేగం ఉంటే, ఎందుకన్న ఆలోచన తరవాత, ఈసీజీ ముందు.

పెద్ద పిల్లల్లో గుర్తుపట్టడం తేలిక. దడ స్విచ్ వేసినట్టు మొదలై, స్విచ్ ఆపినట్టు ఆగుతుంది. వేగం 180 పైన ఉంటుంది. భయం వల్లో, పరీక్షల ఒత్తిడి వల్లో వచ్చే దడ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఈ ఒక్క ప్రశ్నతోనే చాలా వరకు తేలిపోతుంది. అయినా ‘టెన్షన్ వల్ల’ అన్న ముద్ర వేయించుకుని ఏళ్ల తరబడి తిరిగే ఆడపిల్లలు తక్కువేమీ లేరు.

దడను ఆపే మొదటి ఉపాయానికి మందు అక్కర్లేదు. వేగస్ నరాన్ని రెచ్చగొడితే ఏవీ నోడ్ ఒక్క క్షణం మొద్దుబారి, తిరుగుతున్న చుట్టు తెగుతుంది. ఆస్పత్రిలో పసిబిడ్డకు ఈసీజీ తీగలు తగిలించి, ప్లాస్టిక్ సంచిలో ఐసు ముక్కలూ నీళ్లూ పోసి, ముక్కు రంధ్రాలకు, నోటికి అడ్డం రాకుండా నుదుటి మీద, కళ్ల మీద 15 నుంచి 30 సెకన్లు ఆనిస్తారు. కనుగుడ్లను వేళ్లతో నొక్కే పాత పద్ధతి మాత్రం పనికిరాదు, చూపుకే ప్రమాదం. పెద్ద పిల్లలకు 10 మిల్లీలీటర్ల సిరంజి ఇచ్చి, లోపలి పిస్టన్ కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊదమని, వెంటనే పడుకోబెట్టి కాళ్లు పైకెత్తుతారు.

అప్పటికీ ఆగకపోతే అడినోసిన్. రక్తంలో దాని ఆయుష్షు కొద్ది సెకన్లే కాబట్టి, మోచేతి దగ్గరి సిరలోకి ఒక్క ఊపున ఎక్కించి, వెనకే సెలైన్ తోస్తారు. మొదటి మోతాదు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము. ఎక్కిన కొద్ది సెకన్లకే కాగితం మీద గీత క్షణకాలం చదునుగా సాగుతుంది. గదిలో ఉన్న తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచకపోతే ప్రాణాలు పైనే పోతాయి. తరవాత మామూలు లయ మొదలవుతుంది. ఆ కొద్ది సెకన్ల కాగితం చికిత్సతో పాటు నిర్ధారణకూ ఆధారం. చుట్టు ఎక్కడ తెగిందో అందులోనే కనిపిస్తుంది. అందుకే ఈసీజీ నడపకుండా అడినోసిన్ ఇవ్వడమంటే సగం ఫలితాన్ని పారేయడమే. బిడ్డ రక్తపోటు పడిపోయి స్పృహ తగ్గుతుంటే మందుల కోసం ఆగకుండా కిలోకు 0.5 నుంచి 1 జౌల్ షాక్ ఇస్తారు. పెద్దవాళ్లకు వాడే వెరాపమిల్‌ను ఏడాది లోపు పిల్లలకు ఎక్కించరు. వాళ్లలో అది రక్తపోటును ఉన్నట్టుండి పడగొట్టగలదు.

పసితనంలో మొదలైన ఎస్.వి.టి. చాలా మందిలో ఏడాది నిండేసరికి ఆగిపోతుంది. అంతవరకు ప్రొప్రనొలాల్ వంటి మందు ఇస్తారు. ఆ మందు మీదున్న బిడ్డ వాంతులతోనో జ్వరంతోనో పాలు తాగకపోతే రక్తంలో చక్కెర పడిపోగలదు. ఆ రోజు మోతాదు గురించి డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆగిపోయిందనుకున్న దడ కొందరికి బడి ఈడులో మళ్లీ వస్తుంది.

డబ్ల్యూపీడబ్ల్యూ

1930లో అమెరికాలోని బోస్టన్‌కు చెందిన లూయిస్ వుల్ఫ్, పాల్ డడ్లీ వైట్, లండన్‌కు చెందిన జాన్ పార్కిన్సన్ కలిసి 11 మంది రోగుల వివరాలు ప్రచురించారు. ఆ ముగ్గురి పేర్ల తొలి అక్షరాలే డబ్ల్యూపీడబ్ల్యూ. అందరూ ఆరోగ్యవంతులైన యువతే. అప్పుడప్పుడు దడ వస్తుంది. ఈసీజీ మాత్రం వింతగా ఉంటుంది. అదనపు దారి మామూలు సమయంలో కూడా పనిచేస్తూ, జఠరికలో కొంత భాగాన్ని ముందుగానే ప్రేరేపించడం దీనికి కారణం. నిట్టనిలువుగా లేవాల్సిన జఠరిక గీత మొదట్లో ఏటవాలుగా పాకి, తరవాత లేస్తుంది. ఆ ఏటవాలును డెల్టా తరంగం అంటారు. వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా ఈ గీత ఉంటుంది. వాళ్లలో చాలా మందికి దడ రాదు.

ప్రమాదం అరుదు, కానీ ఉంది. కర్ణికలు అదుపు తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తే, ఏవీ నోడ్‌లా ఆచితూచి పంపే గుణం లేని అదనపు దారి ఆ వేగమంతా జఠరికలకు దించేయవచ్చు. అందుకే దడ లేకపోయినా, డెల్టా తరంగం ఉన్న పిల్లవాణ్ని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తారు. వేగం పెరుగుతుండగా ఆ తరంగం ఒక్కసారిగా మాయమైతే దారి బలహీనమైనదని ధైర్యం. లేకుంటే లోపలి నుంచి విద్యుత్ పరీక్ష చేయాలి. వీళ్లకు డిగాక్సిన్, వెరాపమిల్ ఇవ్వరు.

శాశ్వత పరిష్కారం ఆ దారిని తెంచడమే. 1968లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో విల్ సీలీ అనే సర్జన్ ఒక జాలరి ఛాతీ తెరిచి తొలిసారి ఆ పని చేశాడు. 1990ల నుంచి ఛాతీ కోయనక్కర్లేకుండా పోయింది. తొడ సిర గుండా సన్నని తీగలను గుండెలోకి పంపి, దారి ఎక్కడుందో గుర్తించి, రేడియో తరంగాల వేడితో అక్కడ చిన్న మచ్చ పెడతారు. దీన్నే అబ్లేషన్ అంటారు. అనుభవమున్న చోట నూటికి 90–95 మందికి పైగా నయమవుతుంది. దారి ఏవీ నోడ్‌కు మరీ దగ్గరగా ఉంటే వేడికి బదులు అతి చల్లదనంతో గడ్డకట్టించే పద్ధతి వాడతారు; ఎందుకంటే నోడ్ దెబ్బతింటే జీవితాంతం పేస్‌మేకర్ కావాలి. మందులు లొంగదీసుకోగలిగినంత కాలం, బిడ్డ 15 కిలోల బరువు దాటేదాకా ఆగడమే మేలని ఎక్కువమంది నిపుణుల మాట.

అలుపు లేని పరుగు

కొన్ని దడలు గట్టిగా కొట్టవు, ఆగవు. నిమిషానికి 150–170 చొప్పున వారాలు, నెలలు నడుస్తూనే ఉంటాయి. పిల్లవాడికి అలవాటైపోయి దడ అని కూడా చెప్పడు. చివరికి ఆయాసంతో వచ్చినప్పుడు ఎకోలో గుండె ఉబ్బి, బలం తగ్గి కనిపిస్తుంది. కండరం జబ్బని రాసి, గుండె మార్పిడి దాకా మాట వెళ్లిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. నిజానికి బలం తగ్గడం పర్యవసానం, లయ కారణం. లయను సరిచేస్తే కొన్ని వారాల్లో, నెలల్లో కండరం చాలావరకు కోలుకుంటుంది. ఉబ్బిన గుండె ఉన్న ప్రతి బిడ్డ ఈసీజీలోనూ కర్ణికల తరంగాన్ని శ్రద్ధగా చూడాలని పిల్లల గుండె వైద్యులు పట్టుబట్టేది ఇందుకే.

పడిపోయిన పిల్లలు

కౌమారం దాటేలోపు నూటికి పదిహేను మంది పిల్లలైనా ఒకసారి కళ్లు తిరిగి పడిపోతారు. పొద్దున టిఫిన్ తినకుండా వచ్చి బడి ప్రార్థనలో నిలబడ్డప్పుడు, పంద్రాగస్టు కవాతు కోసం ఎండలో వరసకట్టినప్పుడు, రక్తపరీక్ష సూది చూసినప్పుడు పడిపోయేవాళ్లు వీళ్లు. ముందుగా చూపు మసకబారుతుంది, చెవులు హోరెత్తుతాయి, చల్లచెమటలు పడతాయి, తరవాత కూలబడతారు; పడుకోబెట్టి కాళ్లెత్తితే నిమిషంలో లేస్తారు. రక్తనాళాలు సడలి మెదడుకు రక్తం తగ్గడం దీనికి కారణం. నీళ్లు బాగా తాగడం, వేళకు తినడం, కళ్లు తిరుగుతున్నాయనగానే కూర్చోవడం చాలు. ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలబడి సొమ్మసిల్లే రెండేళ్ల పిల్లల గుండె కూడా సాధారణంగా మంచిదే. వాళ్లలో ఇనుము లోపం ఉందేమో చూసి సరిచేస్తే ఆ గండాలు తగ్గుతాయి.

ఇంకో రకం పతనం ఉంది. ఆటల పోటీలో పరుగెత్తుతూ, ఉన్న చోటే, ముందస్తు సూచన లేకుండా కుప్పకూలడం. ఈత కొడుతూ స్పృహ తప్పడం. అలారం మోతకో, ఫోన్ గంటకో ఉలిక్కిపడి పడిపోవడం. కుటుంబంలో నలభై ఏళ్ల లోపు ఎవరైనా నిద్రలోనో, పనిలోనో ఉన్నపళంగా చనిపోయి ఉండటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, వేరే కారణం తేలేదాకా అది గుండె వల్లే అనుకోవాలి. ఈ పిల్లలు పడిపోయినప్పుడు కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు కూడా. దాంతో ఫిట్స్ అని మందులు మొదలవుతాయి. ఫిట్స్ మందు వాడుతున్నా ఆటల్లోనే పడిపోతున్న పిల్లవాడికి ఒక్కసారి కూడా ఈసీజీ తీయకపోవడం క్షమించరాని లోపం.

లాంగ్ క్యూటీ, సీపీవీటీ

జఠరికలకు విద్యుత్ ప్రేరణ అందడం మొదలైన దగ్గర నుంచి, వాటి విద్యుత్తు మళ్లీ సర్దుకునేదాకా పట్టే కాలాన్ని ఈసీజీలో క్యూటీ అంటారు. కణాల గోడల్లోని పొటాషియం, సోడియం దారుల్ని నిర్మించే జన్యువుల్లో లోపముంటే ఈ కాలం సాగుతుంది; అదే లాంగ్ క్యూటీ. సాగిన ఆ వ్యవధిలో ఒక తొందర దెబ్బ పడితే జఠరికలు మెలికలు తిరిగే ప్రమాదకర లయలోకి పోతాయి. ఇటలీలో నలభై వేలకు పైగా నవజాత శిశువులకు ఈసీజీ తీసి 2009లో ప్రచురించిన అధ్యయనం, ఇది సుమారు 2000 మందిలో ఒకరికి ఉంటుందని తేల్చింది. ఇందులోని ముఖ్యమైన మూడు రకాల్లో, మొదటి రకం వాళ్లకు పరుగు, ముఖ్యంగా ఈత ముప్పు. రెండో రకానికి ఉలికిపాటు. మూడో రకానికి నిద్ర. ఈత బాగా వచ్చిన కుర్రాడు ఊరి బావిలోనో కాలువలోనో మునిగి చనిపోతే, అతని తోబుట్టువులకు ఈసీజీ తీయించమని చెప్పేవాళ్లు కావాలి.

ఈ జబ్బుకు తెలుగునాట ఒక ప్రత్యేక కోణం ఉంది. 1957లో నార్వే వైద్యులు యెర్వెల్, లాంగే-నీల్సన్ ఒక కుటుంబాన్ని వర్ణించారు. ఆరుగురు పిల్లల్లో నలుగురికి పుట్టు చెవుడు, తరచు స్పృహ తప్పడం, సాగిన క్యూటీ. వాళ్లలో ముగ్గురు చిన్నతనంలోనే హఠాత్తుగా చనిపోయారు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ రకం వస్తుంది. అంటే రక్తసంబంధంలో పెళ్లిళ్లు జరిగే చోట దీనికి అవకాశం ఎక్కువ. మేనమామ, మేనత్త సంబంధాలు ఇప్పటికీ మామూలుగానే సాగే మన జిల్లాల్లో పుట్టు చెవుడుతో వచ్చే ప్రతి బిడ్డకూ, కాక్లియర్ ఇంప్లాంట్‌కు మత్తు ఇచ్చే ముందు, క్యూటీ కొలిచిన ఈసీజీ ఉండి తీరాలి. కొలవడం చేత్తోనే జరగాలి. యంత్రం అచ్చువేసే అంకె నమ్మదగింది కాదు. వేగానికి సవరించిన విలువ 460 మిల్లీసెకన్లు దాటితే అనుమానం, 500 దాటితే ప్రమాదం ఎక్కువ.

వీళ్లకు క్యూటీని ఇంకా సాగదీసే మందులు పడవు. అజిత్రోమైసిన్, ఆన్‌డాన్‌సెట్రాన్, డోంపెరిడోన్, ఫ్లూకొనజోల్, క్లోరోక్విన్ ఆ జాబితాలోవే. ఏ మందుల షాపులోనైనా చీటీ లేకుండా దొరికేవి కూడా ఇందులో ఉన్నాయి. వాంతులూ విరేచనాలతో పొటాషియం పడిపోయిన రోజునే వాంతుల మందు వేయడం వీళ్ల విషయంలో రెట్టింపు ముప్పు. ప్రొప్రనొలాల్ లేదా నడొలాల్ ఏ రోజూ మానకుండా వాడితే, ముఖ్యంగా మొదటి రకంలో, ప్రమాదం బాగా తగ్గుతుంది.

సీపీవీటీ అనే మరో జన్యు జబ్బు ఇంతకంటే అరుదు, ఇంతకంటే మాయ. 1978లో పారిస్‌లో ఫిలిప్ కుమెల్ బృందం నలుగురు పిల్లల్లో దీన్ని వర్ణించింది. కండర కణాల్లో కాల్షియం విడుదలను అదుపుచేసే జన్యువులో లోపం. కూర్చున్నప్పుడు తీసిన ఈసీజీ, ఎకో రెండూ శుభ్రంగా ఉంటాయి. పరుగెత్తితేనో, కోపమో భయమో వస్తేనో జఠరికల దడ బయటపడుతుంది. కాబట్టి పరుగులో పడిపోయిన పిల్లవాడికి ట్రెడ్‌మిల్ పరీక్ష చేయకుండా ‘అంతా బాగుంది’ అని పంపకూడదు. నడొలాల్, ఫ్లెకైనైడ్ దీనికి మందులు. శరీరంలో అమర్చి షాక్ ఇచ్చే ఐసీడీ పరికరం ఇక్కడ రెండంచుల కత్తి. షాక్ నొప్పితో పుట్టే అడ్రినలిన్ మరో దడను లేపగలదు.

నెమ్మదించిన గుండె

గర్భం 18–24 వారాల మధ్య స్కానింగులో బిడ్డ గుండె నిమిషానికి 50–60 మాత్రమే కొట్టుకుంటూ కనిపించవచ్చు. తల్లి రక్తంలోని యాంటీ-రో అనే ప్రతిదేహాలు మాయ దాటి వెళ్లి ఏవీ నోడ్‌ను దెబ్బతీయడం దీనికి ప్రధాన కారణం. తల్లికి లూపస్ అనే జబ్బు ఉండవచ్చు. చాలాసార్లు తనకే తెలియదు. బిడ్డ గుండె చప్పుడు తగ్గిందని హడావుడిగా నెలలు నిండకుండానే సిజేరియన్ చేస్తే అసలు సమస్యకు పుట్టుక తొందర కూడా తోడవుతుంది. ఆ ప్రతిదేహాలున్న తల్లులు కన్న బిడ్డల్లో సుమారు 2 శాతం మందికే ఇలా అవుతుంది; ఒక బిడ్డకు వచ్చాక తరవాతి కాన్పులో ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. ఆ కాన్పులో హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడితే ముప్పు తగ్గుతుందని 2020లో వెలువడిన అధ్యయనం చూపింది. పుట్టాక వేగం మరీ తక్కువైతే పేస్‌మేకర్ పెడతారు. పసిబిడ్డల్లో దాని పెట్టె పొట్ట గోడలో, తీగలు గుండె పై పొర మీద ఉంటాయి. బ్యాటరీ అయిపోయినప్పుడల్లా మార్చాలి.

బయటి నుంచి వచ్చే ముప్పులు

చక్కగా ఆడుకుంటున్న పిల్ల గుండె లయ ఒక్క పూటలో తప్పిందంటే పెరట్లోకి ఒకసారి చూడాలి. పచ్చగన్నేరు గింజల్లో డిగాక్సిన్ వంటి విషాలున్నాయి. తిన్న బిడ్డకు వాంతులు, ఆ వెనక గుండె నెమ్మదించడం, ఏవీ నోడ్ దగ్గర దారి మూసుకుపోవడం వస్తాయి. పైకి తేరుకున్నట్టున్నా కనీసం ఒక రోజు ఈసీజీ పర్యవేక్షణలో ఉంచాలి. ఎర్ర తేలు కుట్టిన పిల్లల్లో విషం నరాలను రెచ్చగొట్టి, గుండెను అడ్డదిడ్డంగా పరుగెత్తించి, ఊపిరితిత్తుల్లో నీరు చేరేలా చేస్తుంది. దానికి ప్రజోసిన్ పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980ల్లో చూపాక మరణాలు బాగా తగ్గాయి. మంత్రం వేయించడానికి పోయిన గంట తిరిగి రాదు. టీకా వేయించని పిల్లల్లో కంఠసర్పి వస్తే రెండో వారంలో గుండె దారి మూసుకుపోగలదు. తాతయ్య బీపీ మాత్రలు, నాయనమ్మ గుండె మాత్రలు మంచం పక్కన ఉంచడం మరో ప్రమాదం.

కార్క్ బంతి నేరుగా గుండె మీద తగిలి కుర్రాడు కుప్పకూలితే అది ఎముక దెబ్బ కాకపోవచ్చు. జఠరికలు సర్దుకుంటున్న, సెకనులో కొన్ని నూరో వంతుల వ్యవధిలో దెబ్బ పడితే, ఏ జబ్బూ లేని గుండె కూడా వణికి ఆగుతుంది. కెఫీన్ నిండిన ఎనర్జీ డ్రింకులు పిల్లలకు తగవని ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది. కిరాణా కొట్టువాళ్లు చదవరు.

ఆటలు, అత్యవసరం, కాగితాలు

ఇటలీలో 1982 నుంచి పోటీ క్రీడల్లో దిగేవాళ్లకు ఈసీజీ తప్పనిసరి. అందరికీ తీయాలా వద్దా అన్న వాదం ప్రపంచమంతటా ఇంకా నడుస్తోంది. పరుగులో పడిపోయిన పిల్లకూ, కుటుంబంలో హఠాన్మరణం ఉన్న పిల్లకూ తీయాలన్నదానిలో మాత్రం వాదమే లేదు. దానికి విరుద్ధంగా, నిరపాయమైన తొందర దెబ్బలున్న పిల్లల్ని ఆటలు మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టడం మన దగ్గర తరచు జరిగే అన్యాయం.

పడిపోయిన బిడ్డ పిలిస్తే పలకకుండా, ఊపిరి ఆడకుండా ఉంటే 108కి ఫోన్ చేయమని పక్కవాళ్లకు చెప్పి, రొమ్ము ఎముక కింది సగం మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ మందంలో మూడో వంతు లోతుకు దిగేలా నొక్కుతూ ఉండాలి. నీళ్లు తాగించడం, చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. అబ్లేషన్, పేస్‌మేకర్ ఖర్చు భరించలేని కుటుంబాలు ఆస్పత్రిలోని పథకాల సహాయకుణ్ని కలిసి ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాల కింద ఏమేం వర్తిస్తాయో ముందే అడగాలి.

దడ వచ్చినప్పుడు ఏ చిన్న ఆస్పత్రిలో తీసినా సరే, ఆ ఈసీజీ కాగితాన్ని అడిగి తీసుకోండి. అది వేడికి అచ్చయ్యే కాగితం. కొన్నేళ్లకు గీతలు వెలిసిపోతాయి. అదే రోజు ఫోన్‌లో ఫొటో తీసి, జిరాక్స్ చేయించి, తేదీ, బిడ్డ అప్పుడేం చేస్తున్నాడో దాని మీదే రాసి ఉంచండి.